ఈస్ట్రోజెన్ జెల్ నెల రోజులు రాసినా వేడి ఆవిర్లు తగ్గలేదంటే ముందు ఏం చూడాలి?

వేపచిగురు (ప్రశ్న)

గైనిక్ ఓపీలో కౌన్సెలింగ్ చేసేవాళ్ళూ, మందుల షాపుల్లో ఉండేవాళ్ళూ ఒకసారి చూడండి. ఒక్క కేసే పెడుతున్నా గానీ, ఇలాంటివాళ్ళు చాలామందే వస్తున్నారు.

వయసు 50. నెలసరి ఆగి 14 నెలలు. గర్భసంచి ఉంది. బీపీకి ఆమ్లోడిపిన్ 5 మి.గ్రా., థైరాయిడ్‌కి 75 మైక్రోగ్రాముల మాత్ర. మామోగ్రామ్, స్కానింగ్ అన్నీ చూశాకే డాక్టరు గారు 0.06 శాతం ఈస్ట్రడయాల్ (ఒక రకం ఈస్ట్రోజెన్) జెల్ రోజుకి 2.5 గ్రాములు, రాత్రికి మైక్రనైజ్డ్ ప్రొజెస్టెరోన్ 100 మి.గ్రా. క్యాప్సూల్ రాశారు. నాలుగు వారాలైంది. పగటి పూట కాస్త నయమట. రాత్రిళ్ళు మాత్రం జాకెట్టు తడిసిపోయి ఐదారుసార్లు లేస్తున్నారు. "మోతాదు పెంచండి" అని అడుగుతున్నారు.

పెంచే ముందు రాసే పద్ధతిలో ఏమేం కనుక్కోవాలి? ఎన్నాళ్ళు ఆగి చూడాలి? ఈస్ట్రడయాల్ రక్తపరీక్ష పనికొస్తుందా, డబ్బు దండగా? ఎండాకాలంలో ప్యాచ్‌కి మారితే మేలా? ఇంకోటి, ఆ క్యాప్సూల్‌తో పొద్దున మత్తుగా ఉంటోందని, జెల్ ఒక్కటే రాసుకుంటానంటున్నారు. కుదరదని చెప్పాం. ఎందుకు కుదరదో ఆవిడకి అర్థమయ్యేలా ఎలా చెప్పాలో కూడా చెప్పండి.

మందులబీరువా

ముందు ట్యూబులో ఇంకా ఎంత ఉందో అడగండి. సగం సంగతి అక్కడే తేలిపోతుంది.

0.06 శాతం అంటే గ్రాము జెల్‌లో 0.6 మి.గ్రా. ఈస్ట్రడయాల్. 2.5 గ్రాములకి 1.5 మి.గ్రా. 80 గ్రాముల ట్యూబు రోజుకి 2.5 గ్రాముల చొప్పున 32 రోజులు రావాలి. రెండు నెలలు వచ్చిందంటే సగం మోతాదే వాడారన్నమాట. ట్యూబుతో పాటు ప్లాస్టిక్ కొలత ముక్క ఒకటి వస్తుంది. దాని గాడి నిండా పిండితే 2.5 గ్రాములు. డబ్బాతో పాటు దాన్నీ పారేసి, ముఖానికి క్రీము రాసుకున్నట్టు వేలి మీద బఠాణీ గింజంత తీసుకునేవాళ్ళే ఎక్కువ.

పంపు సీసా అయితే లెక్క వేరు. ఒక నొక్కుకి 1.25 గ్రాములు, అంటే 0.75 మి.గ్రా. సీసాకి 64 నొక్కులు. కొత్త సీసా మొదట్లో జెల్ పైకి వచ్చేదాకా నొక్కి, సరిగ్గా వచ్చిన మొదటి నొక్కు కూడా పారేయాలి, అందులో గాలి ఉంటుంది. 64 అయ్యాక ఇంకా కొంచెం వస్తూనే ఉంటుంది, కానీ అప్పుడు ఎంత వస్తోందో చెప్పలేం. వాడటం మొదలుపెట్టిన తేదీ సీసా మీద రాసి పెట్టుకోమనండి.

ఇక రాయడం. స్నానం చేసి, ఒళ్ళు పూర్తిగా ఆరాక. మోచేతి మీద చిన్న చోట మందంగా పూస్తే లాభం లేదు. మణికట్టు నుంచి భుజం దాకా, లోపలా బయటా, పలచగా పరచాలి. 2.5 గ్రాములకి ఒక చెయ్యి చాలదు, రెండు చేతులకీ సగం సగం. తొడల లోపలి వైపు కూడా రాయొచ్చు. మర్దన అక్కర్లేదు, పరిస్తే చాలు. ఐదు నిమిషాలు ఫ్యాను కింద ఆరనిచ్చి అప్పుడు జాకెట్టు. రాసిన చోట గంటసేపు నీళ్ళు తగలకూడదు. రాసిన చేతులు మాత్రం సబ్బుతో వెంటనే కడుక్కోవాలి. రొమ్ముల మీద, ముఖం మీద, యోని దగ్గర ఎప్పుడూ రాయకూడదు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు ఇవి: కొబ్బరినూనె గానీ బాడీ లోషన్ గానీ రాసిన చేతుల మీదే జెల్ రాయడం, జెల్ రాసిన పది నిమిషాలకే గిన్నెలు తోమడం, వ్యాక్సింగ్ చేయించుకుని మండుతున్న చర్మం మీద పూయడం. లోషన్, సన్‌స్క్రీన్ ఏదైనా సరే కనీసం గంట తేడా ఉండాలి. జెల్‌లో ఆల్కహాల్ ఉంటుంది కాబట్టి ఆరేదాకా దీపం వెలిగించడం, స్టవ్ ముట్టించడం వద్దు. ఇది నవ్వుతూ వదిలేసే విషయం కాదు, పొద్దున్నే స్నానం చేసి తిన్నగా దేవుడి గదికి వెళ్ళేవాళ్ళకి తప్పక చెప్పాలి.

ఒకసారి ట్యూబు మీద పేరు కూడా చదివి చూడండి. ఎస్ట్రియాల్ యోని క్రీముని ఈస్ట్రోజెన్ జెల్ అనుకుని చేతికి రాసుకునేవాళ్ళు ఉన్నారు. అది యోని పొడిబారడానికీ, మంటకీ ఇచ్చే మందు. వేడి ఆవిర్లకి అది పనిచేయదు.

స్త్రీవైద్యం

పైన చెప్పినదంతా సరే. నేను క్యాప్సూల్ దగ్గర మొదలుపెడతాను, ఈ కేసులో అసలు ప్రమాదం అక్కడ ఉంది.

ఈస్ట్రోజెన్ గర్భసంచి లోపలి పొరని పెంచుతుంది. నోటి నుంచి వెళ్ళినా చర్మం నుంచి వెళ్ళినా ఆ పొరకి ఒకటే. ప్రొజెస్టెరోన్ తోడు లేకుండా నెలల తరబడి అలా పెరుగుతూ పోతే దళసరెక్కి, కొందరిలో క్యాన్సర్‌కి దారితీస్తుంది. 2025 నవంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, మెనోపాజ్ (నెలసరి ఆగిపోవడం) హార్మోన్ మందుల లేబుల్ మీద పెట్టెలో వేసే తీవ్ర హెచ్చరికల్లో గుండెజబ్బు, రొమ్ము క్యాన్సర్, మతిమరుపులకి సంబంధించినవి తీయిస్తున్నట్టు ప్రకటించింది గానీ, ఈస్ట్రోజెన్ ఒక్కటే ఉన్న మందుల మీద గర్భసంచి పొర క్యాన్సర్ హెచ్చరికని మాత్రం ఉంచేసింది. ఆవిడకి ఇంత చెప్పక్కర్లేదు. "జెల్ గర్భసంచిలో పొరని పెంచుతుందమ్మా, క్యాప్సూల్ దాన్ని అదుపులో ఉంచుతుంది. క్యాప్సూల్ మానేయాలనుకుంటే ముందు జెల్ ఆపి మా దగ్గరికి రండి" అంటే సరిపోతుంది.

మత్తుకి ఉపాయాలున్నాయి. అన్నంతో పాటు వేసుకుంటే క్యాప్సూల్ ఎక్కువగా ఒంటికి పడుతుంది, మత్తూ పెరుగుతుంది. భోజనమయ్యాక రెండు గంటలు ఆగి, సరిగ్గా పక్క మీదికి చేరేటప్పుడు వేసుకోమనండి. తొమ్మిదింటికి వేసుకుని పదకొండు దాకా టీవీ చూస్తే తూలడం ఖాయం. అప్పటికీ పడకపోతే అదే క్యాప్సూల్‌ని యోనిలో పెట్టుకునే పద్ధతికి డాక్టరు మార్చవచ్చు, లేదా ప్రొజెస్టెరోన్ లాంటి హార్మోన్ లెవోనార్‌జెస్ట్రెల్ ఉన్న లూప్ గర్భసంచిలో వేయించుకోవచ్చు. 52 మి.గ్రా. లూప్ గర్భసంచి పొరకి ఐదేళ్ళ దాకా కాపు. ఇంటర్నెట్‌లో అమ్మే ప్రొజెస్టెరోన్ చర్మపు క్రీములు మాత్రం ఈ పనికి చాలవు. ఈస్ట్రోజెన్ చర్మం గుండా బాగానే వెళ్తుంది కదా, ఇదీ అంతే అనుకుంటారు. గర్భసంచి పొరని కాపాడేంత ప్రొజెస్టెరోన్ ఆ దారిన రక్తంలోకి చేరదు.

మోతాదు పెంచితే ఇంకో సంగతి. ఈస్ట్రోజెన్ బాగా పెంచినప్పుడు ప్రొజెస్టెరోన్ కూడా పెరగాలి. నాలుగు పంపుల మోతాదులో బ్రిటిష్ మెనోపాజ్ సొసైటీ రోజూ వేసుకునేవాళ్ళకి 200 మి.గ్రా. చెబుతుంది. జెల్ ఒక్కటే రెట్టింపు చేసి 100 దగ్గరే వదిలేసిన చీటీలు కనిపిస్తుంటాయి.

గడువు: రెండు నుంచి నాలుగు వారాల్లో తేడా మొదలవుతుంది, పూర్తి ఫలితం తేలడానికి 8 నుంచి 12 వారాలు. నాలుగో వారంలో "పగలు కాస్త నయం" అన్నారంటే మందు పనిచేయడం మొదలైందనే. సరైన మోతాదు సరిగ్గా రాస్తూ ఇంకో నాలుగు వారాలు చూడకుండా పెంచవద్దు. పెంచితే మొదట కనపడేవి రొమ్ముల సలుపు, తలనొప్పి, మచ్చలు మచ్చలుగా రక్తం. మొదటి మూడు నుంచి ఆరు నెలల్లో కొద్దిగా రక్తం కనపడటం మామూలే. ఆరు నెలలు దాటాక కనపడినా, కొన్నాళ్ళు ఏమీ లేకుండా ఉండి మళ్ళీ మొదలైనా యోని స్కానింగ్ చేసి పొర మందం చూడాలి, అవసరమైతే ముక్క తీసి పరీక్షకి పంపాలి.

రాతికోట

జనరల్ మెడిసిన్ వైపు నుంచి. అసలు ఆ చెమటలన్నీ మెనోపాజ్‌వేనా?

ఆమ్లోడిపిన్ ముఖం ఎర్రబారేలా, వేడెక్కేలా చేస్తుంది. మందు మొదలుపెట్టిన కొత్తలో, మోతాదు పెంచినప్పుడు ఇంకా ఎక్కువ. చీలమండల వాపు కూడా ఉంటే అనుమానం బలపడుతుంది. వేడి ఆవిర్లూ ఆమ్లోడిపినూ దాదాపు ఒకే సమయంలో మొదలయ్యాయా అని అడగండి. సొంతంగా ఆపేయమనకండి, బీపీ చూసే డాక్టరుకి చెబితే వేరే మందుకి మార్చి చూస్తారు.

థైరాయిడ్ మాత్ర ఎక్కువైతే వచ్చేవీ ఇవే: వేడి, చెమట, గుండెదడ, నిద్ర పట్టకపోవడం. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష) ఎప్పుడు చూశారో కనుక్కోండి. ఈస్ట్రోజెన్ మాత్ర మింగితే థైరాక్సిన్‌ని పట్టి ఉంచే ప్రోటీన్ రక్తంలో పెరిగి, థైరాయిడ్ మాత్ర పెంచాల్సి రావచ్చు. జెల్‌కీ ప్యాచ్‌కీ ఆ గొడవ పెద్దగా లేదు. కాబట్టి ఎవరైనా మాత్ర నుంచి జెల్‌కి మారితే, అంతకుముందు పెంచిన థైరాయిడ్ మోతాదు ఇప్పుడు ఎక్కువైపోవచ్చు. మారిన రెండు నెలలకి టీఎస్‌హెచ్ తప్పక చేయించాలి.

షుగరుకి గ్లిమెపిరైడ్ గానీ ఇన్సులిన్ గానీ వాడేవాళ్ళు అర్ధరాత్రి చెమటలతో లేస్తే ఆ క్షణంలోనే వేలి రక్తంతో షుగర్ చూసుకోమనండి. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, వదలని దగ్గు తోడుంటే అది టీబీ దారి. మన దగ్గర దీన్ని మర్చిపోతే తప్పు.

వేపచిగురు

అడిగాను. ట్యూబు సగానికి సగం అలాగే ఉందట. కొలత ముక్క లేదు. టీఎస్‌హెచ్ చూసి తొమ్మిది నెలలైంది. ఇంకో విషయం బయటపడింది: రాత్రి పడుకునే ముందు చేతులకి రాసుకుని, వెంటనే మూడేళ్ళ మనవరాలిని చెయ్యి మీద పడుకోబెట్టుకుంటున్నారు.

మందులబీరువా

28 రోజుల్లో 40 గ్రాములే అయ్యాయంటే రోజుకి సుమారు 1.4 గ్రాములే. ఒక పంపు నొక్కు కంటే కాస్త ఎక్కువ, అంతే. డాక్టరు రాసిన మోతాదు ఆవిడ ఇంకా ఒక్కరోజైనా వాడలేదు. అందులో కొంత దుప్పటికీ, మనవరాలికీ పోతోంది.

పిల్ల సంగతి ఈ రోజే చెప్పండి. రాసిన చోట పిల్లల ఒళ్ళు పదేపదే తగిలితే ఆ హార్మోన్ వాళ్ళ చర్మంలోకి వెళ్తుంది. ఆడపిల్లలకి ఐదారేళ్ళు రాకుండానే రొమ్ములు పొడుచుకు రావడం, మొనలు నల్లబడటం, మగపిల్లలకీ రొమ్ములు పెరగడం జరిగాయి. ఈస్ట్రడయాల్ స్ప్రే విషయంలో అమెరికా ఎఫ్‌డీఏ 2010లోనే పిల్లల గురించీ, పెంపుడు జంతువుల గురించీ హెచ్చరించింది. పొద్దున స్నానం తర్వాత రాసుకునేలా మార్చండి. గంట దాటాక, పొడుగు చేతుల జాకెట్టు వేసుకున్నాకే పిల్లని ఎత్తుకోవాలి. అది కుదరకపోతే చేతులు మానేసి తొడలకి రాసుకోమనండి, చీర కప్పేస్తుంది. తగిలిందనిపిస్తే పిల్లకి సబ్బు నీళ్ళతో ఆ చోట కడిగేయడమే. రొమ్ము దగ్గర గట్టిపడినట్టు అనిపిస్తే పిల్లల డాక్టరుకి చూపించి, ఇంట్లో జెల్ వాడుతున్న సంగతి చెప్పాలి. చెప్పకపోతే అనవసరపు స్కానింగులన్నీ తిప్పుతారు.

లీసెస్టర్_తెలుగమ్మాయి

ఇక్కడ ఇంగ్లండ్‌లో ప్యాచ్‌లు బాగా వాడతారు కాబట్టి ఆ ముక్క చెప్తాను. మన ఊళ్ళలో అన్నిచోట్లా దొరకవు, దొరికినా ఒక నెల ఉండి ఒక నెల ఉండవు. మారే ముందు కనీసం మూడు నెలలకి సరిపడా దొరుకుతుందో లేదో చూసుకోవాలి.

రోజుకి వదిలే ఈస్ట్రడయాల్‌ని బట్టి 25, 37.5, 50, 75, 100 మైక్రోగ్రాముల ప్యాచ్‌లు ఉంటాయి. జెల్ 2.5 గ్రాములకి సుమారుగా 50 ప్యాచ్ సమానం. కొన్ని వారానికి రెండుసార్లు మార్చేవి, కొన్ని వారానికి ఒకసారి. ఇవి తారుమారైతే చాలా తేడా వస్తుంది. వారానికి రెండుసార్లు మార్చాల్సినదాన్ని వారమంతా ఉంచితే నాలుగో రోజు నుంచి వేడి ఆవిర్లు తిరిగి మొదలవుతాయి, "వారం చివర్లోనే వస్తున్నాయండీ" అంటే దాదాపు అదే. సోమవారం, గురువారం అని రోజులు పెట్టేసుకుంటే మర్చిపోరు.

నడుము కిందే వేయాలి: పొత్తికడుపు పక్కన లేదా పిర్ర పై భాగం. లంగా బొందు బిగిసే గీత మీద వేస్తే అంచులు లేచిపోతాయి, దానికి నాలుగు వేళ్ళు కిందకి వేయమనండి. నూనె, పౌడరు, పసుపు ఏదీ ఉండకూడదు. స్నానం అవ్వగానే వేయకుండా ఒళ్ళు చల్లబడ్డాక వేయాలి, లోపలి చెమటే జిగురుని పాడుచేస్తుంది. అరచేత్తో పది సెకన్లు గట్టిగా అదమాలి, అంచుల చుట్టూ వేలితో తిప్పాలి. అదే చోట మళ్ళీ వారం దాకా వద్దు. ఊడిపోతే కొత్తది వేసి, మార్చే రోజు మాత్రం పాతదే ఉంచుకోవాలి. నల్లటి జిగురు మరకకి కొబ్బరినూనె చాలు. పాతదాన్ని జిగురు లోపలికి మడిచి పారేయాలి, అందులో ఇంకా మందు మిగిలే ఉంటుంది.

మే నెలలో విజయవాడలో ప్యాచ్ నిలుస్తుందా అంటే, ఏసీ లేనివాళ్ళకి జెల్లే నా ఓటు. దద్దుర్లు, దురద కూడా ప్యాచ్‌కే ఎక్కువ.

స్ప్రే వాడేవాళ్ళకి ఒక్కటే: ఒక స్ప్రేలో 1.53 మి.గ్రా. అని చదివి అది జెల్ రెండు పంపులకి సమానం అనుకుంటారు. కాదు. స్ప్రే నుంచి ఒంట్లోకి చేరేది తక్కువ, ఒక స్ప్రేతో మొదలుపెట్టి మూడు దాకా వెళ్తారు. ముంజేయి లోపలి వైపు కొట్టి రెండు నిమిషాలు ఆరనివ్వాలి, రుద్దకూడదు.

కృష్ణాతీరం

చర్మం నుంచి ఇచ్చేది కదా, రక్తం గడ్డకట్టే భయం, రొమ్ము క్యాన్సర్ భయం రెండూ లేనట్టేనా? ఇక గర్భసంచి తీసేసినవాళ్ళ సంగతేంటి?

స్త్రీవైద్యం

రెండు భయాలూ ఒక గాటన కట్టకండి. మాత్ర మింగితే ఈస్ట్రోజెన్ ముందు కాలేయానికి వెళ్తుంది, అక్కడ గడ్డకట్టే కారకాలూ ట్రైగ్లిజరైడ్లూ పెరుగుతాయి. చర్మం దారి కాలేయాన్ని తప్పించుకుని తిన్నగా రక్తంలో కలుస్తుంది. అందుకే మామూలు మోతాదుల్లో కాళ్ళ సిరల్లో గడ్డల ముప్పు పెరిగినట్టు పరిశీలనల్లో కనిపించలేదు. లావుగా ఉన్నవాళ్ళకీ, ట్రైగ్లిజరైడ్లు ఎక్కువున్నవాళ్ళకీ, మైగ్రేన్ ఉన్నవాళ్ళకీ జెల్ రాయడం ఇందుకే. మెనోపాజ్ హార్మోన్ల మీద జరిగి 2002లో మధ్యలో ఆపేసిన అమెరికా డబ్ల్యూహెచ్‌ఐ ట్రయల్‌ని చూపించి అందరినీ భయపెడతారు. అందులో ఇచ్చినది మాత్ర: గర్భిణీ గుర్రాల మూత్రం నుంచి తీసిన ఈస్ట్రోజెన్ 0.625 మి.గ్రా., మెడ్రాక్సీప్రొజెస్టెరోన్ 2.5 మి.గ్రా. ఆ ఆడవాళ్ళ సగటు వయసు 63. యాభైలో జెల్ మొదలుపెట్టేవాళ్ళకి ఆ అంకెలు అలాగే అతికించలేం.

రొమ్ము విషయంలో దారి మార్చినంత మాత్రాన ముప్పు పోదు. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టోజెన్ (ప్రొజెస్టెరోన్ రకం హార్మోన్లు) కలిపి ఏళ్ళ తరబడి వాడితే కొద్దిగా పెరుగుతుంది, ఆపాక తగ్గుతూ వస్తుంది. మామోగ్రామ్ క్రమం తప్పకూడదు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్ళకి, కారణం తేలని రక్తస్రావం ఉన్నవాళ్ళకి, కాలేయ జబ్బు ముదిరి ఉన్నవాళ్ళకి, ఈమధ్యే గుండెపోటు గానీ పక్షవాతం గానీ వచ్చినవాళ్ళకి జెల్ కూడా రాయం. వాళ్ళకి వెన్లఫాక్సిన్, గాబాపెంటిన్, ఫెజోలినెటాంట్ లాంటి హార్మోన్ లేని మందులున్నాయి. టామాక్సిఫెన్ వేసుకునేవాళ్ళకి మాత్రం పారాక్సిటిన్ వద్దు, టామాక్సిఫెన్ పనిచేయనివ్వదు. ఫెజోలినెటాంట్‌కి కాలేయ పరీక్షలు ముందూ, తర్వాతా చేయించాలి, కాలేయ జబ్బు ముదిరినవాళ్ళకి అది వద్దు.

గర్భసంచి తీసేసినవాళ్ళకి జెల్ ఒక్కటే చాలు, ప్రొజెస్టెరోన్ అక్కర్లేదు. ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి పొర లాంటిది బయట పెరిగే జబ్బు) ఉన్నవాళ్ళూ, గర్భసంచి మెడ మిగిలి ఉన్నవాళ్ళూ డాక్టరుని అడగాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో గర్భసంచి ఆపరేషన్లు ఎక్కువగా ఉన్నది మన రెండు రాష్ట్రాల్లోనే, అదీ నలభై నిండకుండానే. ఆపరేషన్ కాగితంలో అండాశయాలు ఉంచారా, తీశారా అన్నది వెతకండి. రెండూ తీసేస్తే వేడి ఆవిర్లు కొద్ది రోజుల్లోనే విరుచుకుపడతాయి, 50 పైబడినవాళ్ళ మోతాదు వాళ్ళకి చాలకపోవచ్చు. క్యాన్సర్ లాంటి అడ్డు లేకపోతే సహజంగా నెలసరి ఆగే వయసు దాకా హార్మోన్ ఇవ్వడం ఎముకల కోసం, గుండె కోసం కూడా. ముప్పై ఎనిమిదేళ్ళావిడకి "వేడి ఆవిర్లు భరించగలిగితే వద్దులే" అనడం సరికాదు.

కృష్ణాతీరం

రక్తపరీక్ష గురించి ఎవరూ చెప్పలేదు.

స్త్రీవైద్యం

45 దాటినవాళ్ళకి జెల్ మొదలుపెట్టడానికి ఎఫ్‌ఎస్‌హెచ్ (మెనోపాజ్ వచ్చిందా అని చూసే హార్మోన్ పరీక్ష) అక్కర్లేదు, లక్షణాలు చాలు. ఈస్ట్రడయాల్ పరీక్ష ఎప్పుడంటే, సరైన మోతాదు సరిగ్గా రాసినా మూడు నెలల తర్వాత కూడా మార్పు లేనప్పుడు. చర్మం పీలుస్తోందా లేదా అని చూడటానికి. 1.5 మి.గ్రా. రాస్తున్నా ఇంకా మిల్లీలీటరుకి 20 పికోగ్రాముల దగ్గరే ఉందంటే పీల్చట్లేదని అనుమానించి ప్యాచ్‌కో వేరే రకానికో మారుస్తాం.

పరీక్షలో రెండు చిక్కులు. జెల్ రాసే చేతి నుంచి రక్తం తీస్తే చర్మం మీది జెల్ సూదితో కలిసి అంకె వందల్లోకి వెళ్తుంది. ఆవిడ రెండు చేతులకీ రాస్తున్నారు కాబట్టి ముందు రోజు నుంచి తొడలకి రాసుకోమని చెప్పి అప్పుడు తీయించండి. రెండోది జుట్టుకి వేసుకునే బయోటిన్. చాలా ల్యాబుల యంత్రాల్లో అది ఈస్ట్రడయాల్‌ని ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. రెండు మూడు రోజుల ముందే ఆపేయాలి. థైరాయిడ్ పరీక్షనీ అది చెడగొడుతుంది, టీఎస్‌హెచ్‌కి కూడా అదే జాగ్రత్త.

మందులబీరువా

వేపచిగురు గారూ, కొలత ముక్క పోయింది కాబట్టి కొత్త ట్యూబు కొనేటప్పుడు డబ్బా షాపులోనే తెరిచి చూపించి ఇమ్మనండి. ఒకరోజు మర్చిపోతే, తర్వాతి వేళకి పన్నెండు గంటల కంటే తక్కువుంటే ఆ రోజుది వదిలేయాలి. మర్నాడు రెండింతలు రాయకూడదు. ట్యూబుని ఫ్రిజ్‌లో పెట్టక్కర్లేదు, కారు డాష్‌బోర్డు మీదా స్టవ్ పక్కనా లేకుండా చూసుకుంటే చాలు. వచ్చే ఓపీకి ట్యూబు వెంట తెమ్మనండి.